రెండుసార్లు పూడ్చిన సొట్ట

ప్రైమర్ డబ్బా మా ఆయన నుదుటికి తగిలి, కింద పడి, దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. అదృష్టం, మూత ఊడలేదు. ఊడి ఉంటే అందులోని బూడిద రంగు, షెడ్డులో ఉన్న ముగ్గురికీ సమానంగా వాటా పడేది.

రక్తం మాత్రం ఆయన ఒక్కడి వాటాకే వచ్చింది. కనుబొమ్మ పైన తోలు చీలి, ముక్కు పక్కనుంచి కారి, పని చొక్కా మీద పడింది. ఆ చొక్కాకి అప్పటికే ఎరుపు, నీలం, వెండి మరకలు ఉన్నాయి కాబట్టి కొత్త మరక పెద్దగా తెలియలేదు.

విసిరింది పైవాళ్ళెవరూ కాదు, ఆయన సొంత చెల్లెలు. ఇంట్లో అందరం గువ్వ అంటాం. పేరుకే గువ్వ. పది మీటర్ల దూరంలో కాగితం మీద చుక్క పెడితే ఎయిర్ పిస్టల్‌తో ఆ చుక్కను లేపేసే మనిషి. అలాంటిది డబ్బా విసిరితే గురి తప్పుతుందని ఆయన ఎలా అనుకున్నాడో ఆయనకే తెలియాలి.

"నన్నే కొట్టావా?" అన్నాడు మా ఆయన, వేళ్ళకంటిన రక్తం చూసుకుంటూ.

"నిన్నే. ఇంకో డబ్బా అందితే అదీ విసిరేదాన్ని."

"రెండు రోజులు, వచ్చిన బేరాలన్నీ పక్కన పెట్టి, నీ పిస్టల్ మీదే కూర్చున్నానే."

"ఫ్రేమ్‌కి రంగెయ్యమన్నాను. పిడి ముట్టుకోమని ఎవరన్నారు?"

ఆ పిస్టల్ బల్ల మీద, పాత పేపరు పరుచుకుని పడుకుని ఉంది. నిజం చెప్పొద్దూ, చాలా అందంగా ఉంది. ఫ్రేమ్ అంటే దాని లోహపు బాడీ. పాత రంగు పొరలు పొరలుగా లేచిపోయి, చెమట తగిలిన చోటల్లా మచ్చలు పడి ఉండేది. మా ఆయన ఆ రంగంతా గీకి, థిన్నరుతో తుడిచి, ప్రైమర్ కొట్టి, పల్చగా మూడు పూతలు ముదురు నీలం వేశాడు. గొట్టానికీ, ట్రిగ్గరుకీ, గురి చూసే ముల్లుకీ రంగు అంటకుండా టేపు చుట్టి పెట్టింది నేను. ఈ షెడ్డులో మాస్కింగ్ పని నాది. కార్ల అద్దాలకి కాగితాలు అంటించీ అంటించీ నా వేళ్ళ చివర్లు నున్నబడిపోయాయి.

పిడి చెక్కది. దాన్ని కూడా ఆయన అద్దంలా చేసి పెట్టాడు. నల్ల రంగు, పైన మెరుపు పూత, పక్కన సన్నటి తెల్ల గీతలతో ఒక చిన్న గువ్వ బొమ్మ. రేపు సెలక్షనుకి వెళ్ళే చెల్లెలికి అన్న ఇచ్చే కానుక.

"ఆ పిడి ఎలా ఉండేదో నీకు తెలుసా?" అంది గువ్వ. "మీ షెడ్డుకి వచ్చే గుద్దుకున్న కారులా ఉండేది. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. ఆ ఎత్తుపల్లాలన్నీ నేను కూర్చుని చెక్కపుట్టీతో ఒక్కొక్కటీ పెట్టుకున్నవి. నా చేతికి తప్ప ఇంకొకళ్ళకి సరిపోకూడదది."

"నాకేం తెలుసు? ఎవడో చేతకానివాడు పుట్టీ పెట్టాడనుకున్నాను."

"అడగాలిగా."

"సొట్ట కనబడితే ఎవరినైనా అడుగుతానా? పూడుస్తాను. నా పనే అది."

అది మాత్రం నిజం. మా ఆయన్ని ఈ వీధిలో సొట్టల మేస్త్రి అంటారు. ఎగుడుదిగుడుగా ఉన్నది ఏది కనబడినా ఆయన చెయ్యి ఊరుకోదు. మా ఇంటి గోడలు చూడాలి మీరు, పెద్ద కారు తలుపుల్లా ఉంటాయి.

గువ్వ పిస్టల్ తీసి చేత్తో పట్టుకుంది. నాలుగోసారి. చూపుడు వేలు ట్రిగ్గరు మీదకి వెళ్ళింది, నడిమి వేలు సర్దుకుంది. ఉంగరపు వేలు మాత్రం నున్నటి చెక్క మీద నిలవలేక పక్కకి జారింది. దాంతో మణికట్టు తిరిగింది, పిస్టల్ మూతి ఎడమకి వాలింది. ఆ వేలు మూడు నెలల క్రితం విరిగి, అతుక్కున్నప్పుడు వంకరగా అతుక్కుంది. అది కూర్చోవడానికే ఆ పిల్ల పిడి మీద ఏటవాలుగా ఒక గుంట చేసుకుంది. ఆ గుంట మీదే ఇప్పుడు తెల్ల గువ్వ ఉంది.

"రేపు తొమ్మిదింటికి," అంది గువ్వ. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

నేను గుడ్డ తడిపి మా ఆయన నుదుటి మీద ఒత్తి పట్టుకున్నాను. నేను ఆయన కళ్ళలోకి చూడకపోవడం ఆయన గమనించాడు. రక్తం చూసి భయపడ్డాననుకున్నాడు పాపం.

సంగతేమిటంటే, నిన్న మధ్యాహ్నం ఆయన ఆ గుంటలో పుట్టీ నింపుతున్నప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. ట్రిగ్గరుకి టేపు చుడుతున్నాను. "ఇదేమిటే ఇంత అసహ్యంగా ఉంది," అని ఆయన నవ్వాడు. ఆ గుంట ఎందుకుందో నాకు తెలుసు. ఆపండి అనడానికి నోరు తెరిచాను. ఆపమంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే వేలు సంగతి చెప్పాలి. చెప్పనని గువ్వకి ఒట్టేశాను. పళ్ళ మధ్య టేపు ముక్క ఉంది, అదే సాకు దొరికింది నాకు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అనేది మా అమ్మ. ఊరుకున్నాను. ఆయన ఇసుక కాగితం అందుకున్నాడు.

ఇంతలో గోల విని మా అత్తగారు ఇంట్లోంచి వచ్చింది. మా ఇల్లు షెడ్డు వెనకే, మధ్యలో ఒక గుమ్మం. ఆవిడ గుమ్మంలో నిలబడి కొడుకు మొహం మీద రక్తం చూసింది, కూతురి చేతిలో పిస్టల్ చూసింది. ఇంకేమీ అడగలేదు. గబగబా వచ్చి కూతురి చెంప మీద ఒక్కటిచ్చింది.

"అన్న మీద చెయ్యెత్తుతావా? మొగుణ్ణి వదిలొచ్చి, అన్న తిండి తింటూ, అన్న నెత్తే పగలగొడతావా?"

గువ్వ చెంప నిమురుకోలేదు. పిస్టల్‌ని బల్ల మీద మెల్లగా పెట్టింది. ఎంత కోపంలో ఉన్నా దాన్ని విసరదు ఆ పిల్ల.

"అల్లుడుగారికి ఫోన్ చేశాను," అంది మా అత్తగారు. "దారిలో ఉన్నారు. వచ్చి తీసుకెళతారు."

"రేపటి దాకా ఆగుతానన్నావమ్మా. సెలక్షన్‌లో నెగ్గితే ఉద్యోగం వస్తుంది, హాస్టల్లో గది ఇస్తారు, నా దారి నేను చూసుకుంటానన్నాను. సరేనన్నావు."

"నెగ్గితే అన్నాను. పిడి పోయింది, చెయ్యి నిలవట్లేదని నువ్వే అరుస్తున్నావుగా. ఇంక రేపేముంది?"

మూలనున్న కంప్రెసర్ దానంతటది మొదలై, గాలి నింపుకుని, మళ్ళీ ఆగింది.

మా ఆయన గుడ్డని నా చేతిలోంచి లాక్కుని కింద పడేశాడు. "ఇంత రాద్ధాంతం ఎందుకు? పూడ్చింది నేనేగా, తవ్వేదీ నేనే. గుంట ఎక్కడుండాలో చెప్పు. ఇవాళే పెట్టిస్తాను." బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "చెయ్యి ఇటు ఇవ్వు."

గువ్వ ఇవ్వలేదు.

"ఇవ్వమంటున్నానా?"

తనే ఆ చెయ్యి లాక్కున్నాడు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. సొట్టని ఆయన కళ్ళతో చూడడు. కళ్ళు ఎటో పెట్టి బొటనవేలితో తడుముతాడు. తడిమి, ఇది స్తంభమండీ, ఇది వెనక్కి తీసేటప్పుడు గేటండీ అని చెప్పేస్తాడు. కారు యజమానులు నోరెళ్ళబెడతారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అలాంటి మనిషి మూడు నెలలుగా చెల్లెలి వేలు ఒక్కసారి కూడా తడమలేదు. బాత్రూంలో జారిపడిందంటే నమ్మాడు.

ఇప్పుడు తడిమాడు. మొదలు నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి. బొటనవేలు ఒకచోట ఆగింది.

"జారిపడితే వేలు వెనక్కి విరుగుతుంది," అన్నాడు.

బొటనవేలితో అక్కడే ఇంకోసారి నొక్కి చూశాడు.

"ఇది వెనక్కి విరగలేదు. పైనుంచొక నొక్కు, కిందనుంచొక నొక్కు. రెండింటి మధ్యలో పడి నలిగింది ఇది. వేటి మధ్య?"

"వదిలెయ్ అన్నయ్యా."

"వేటి మధ్య?"

గువ్వ నా వైపు చూసింది. చూడకుండా ఉండాల్సింది. మా ఆయన ఆ చూపు పట్టుకుని నా మీదకి వచ్చాడు.

"నీకు తెలుసా?"

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అబద్ధం ఆడదామనే అనుకున్నాను. కానీ నుదుటి మీద రక్తంతో ఆ మొహం అంత దగ్గరగా ఉంటే అబద్ధం రాలేదు. "తెలుసు," అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"తను వచ్చిన రోజు నుంచి."

"నిన్న నేను పూడుస్తుంటే ఎదురుగా ఉన్నావు."

"ఉన్నాను."

నన్ను రెండు భుజాలూ పట్టుకుని తోశాడు. వెనక ఎవరిదో తెల్ల కారు ఉంది, దాని అద్దం నా నడుముకి గుచ్చుకుంది. ఊపిరి ఆడలేదు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన నా మీద చెయ్యి వేసింది లేదు. ఇప్పుడు ఆ చెయ్యి లేచింది. నేను కళ్ళు మూసుకున్నాను. నాకు పడాల్సిందేలే అనుకున్నానని ఒప్పుకుంటున్నాను.

"అన్నయ్యా, ఆ చెయ్యి దించు," అంది గువ్వ. "ఆ చెయ్యి నాకు పని మీద కావాలి. పెళ్ళాన్ని కొట్టే చేతులు ఈ ఇంటికి ఒక జత చాలు."

చెయ్యి దిగింది. దిగి, కారు బానెట్ మీద పడింది. సోమవారం యజమానికిచ్చే కారది, మధ్యలో కొత్త సొట్ట పడింది.

"కారు తలుపు," అంది గువ్వ. ఏదో సరుకుల చీటీ చదువుతున్నట్టు చెప్పింది. "మా డ్రైవింగ్ స్కూల్ కారు. ఎడమ పక్క ముందు తలుపు. ప్రాక్టీసుకి వెళతానన్నాను, ఆయన వద్దన్నారు. కారు దిగబోయాను. చెయ్యి ఇంకా తలుపు సందు అంచు మీద ఉంది. తలుపు వేశారు."

"చూసుకోకుండా వేసుంటాడు," అంది మా అత్తగారు. కానీ ఆవిడ గొంతు ముందరిలా లేదు.

"ఆ రోజు ఫోన్లో కూడా ఇదే మాట అన్నావమ్మా. రెండుసార్లు వేశారు. మొదటిసారి ఉంగరం అడ్డం వచ్చి ఎముక ఆగింది. తలుపు తెరిచి, నా మొహం చూసి, మళ్ళీ వేశారు."

మా అత్తగారు వెనక్కి నడిచి, గుమ్మం దాకా పోయి, అక్కడే కింద కూర్చుంది.

మా ఆయన పెదవులు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కదిలాయి. "ఉంగరం," అన్నాడు చివరికి. "మూడు నెలల క్రితం ఆ కారు ఇక్కడికి తెచ్చాడు. ఎడమ తలుపు అంచున గోరంత సొట్ట. రంగు ఎగిరిపోయి లోపల ఇనుము కనబడుతోంది. ఏదో చిన్నది, గుండ్రంది, గట్టిది ఇరుక్కుంది బావగారూ, అన్నాను. నేర్చుకునేవాళ్ళ బ్యాగు బకిల్ అన్నాడు."

"మీరేం చేశారు?" అన్నాను. నాకు తెలుసు, అయినా నోరు ఊరుకోలేదు.

"పూడ్చాను. రంగేశాను. పాలిష్ కూడా పట్టాను. కూర్చోబెట్టి టీ తాగించి పంపాను."

నుదుటి రక్తం కంట్లోకి దిగుతోంది. ఆయన తుడుచుకోలేదు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదలు.

వీధిలో హారన్ రెండుసార్లు మోగింది.

మా ఆడపడుచు మొగుడు డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. కారు నెత్తిన బోర్డు ఉంటుంది. ఎంత మొద్దుకైనా విసుక్కోకుండా నేర్పిస్తాడని పేరు. కారుని షెడ్డులోకి నెమ్మదిగా, గీత గీసినట్టు తెచ్చి నిలిపాడు. దిగి, తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

"బావగారూ, నుదుటికేమైంది? అక్కయ్యా, కాస్త పసుపో మందో పెట్టకపోయారా?" అన్నాడు. అతని గొంతు ఎప్పుడూ అంతే, వెన్న రాసినట్టుంటుంది. గువ్వ వైపు తిరిగి, "సామాన్లు సర్దుకున్నావా? పద. రేపు పొద్దున్నే నాకు క్లాసులున్నాయి," అన్నాడు.

"బాబూ, ఇవాళ వద్దులే," అంది మా అత్తగారు కింద కూర్చునే.

"మీరేగా రమ్మన్నారత్తయ్యా."

మా ఆయన అతన్ని పట్టించుకోలేదు. కారు అవతలి వైపుకి నడిచి, ఎడమ పక్క ముందు తలుపు తెరిచి, అంచు మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాడు. తను చేసిన అతుకు తనకి తప్ప ఇంకొకళ్ళకి దొరకదు. మధ్యలో వేలు ఆగింది.

"బావగారూ, ఒకసారి ఇలా రండి," అన్నాడు.

"ఏమిటండీ?"

"ఆ మధ్య చేసిన పని సరిగ్గా కుదిరిందో లేదో చూద్దురుగాని."

అతను వచ్చాడు. వచ్చీ రాగానే మా ఆయన అతని కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని తలుపు సందులో పెట్టి నొక్కాడు. రెండో చెయ్యి తలుపు మీద వేశాడు.

"ఇక్కడ ఇరుక్కున్నదేమిటో ఇప్పుడు చెప్పు. బకిలా?"

అతను గువ్వ వైపు చూశాడు. అందరికీ తెలిసిపోయిందని అర్థమైంది. ఒక్క క్షణంలో వెన్న కరిగిపోయింది. "అది మొగుడూ పెళ్ళాల విషయం. మీకు సంబంధం లేదు."

"బకిలా అని అడిగాను."

"చెయ్యి తీసుకుంటుందనుకున్నాను. తీసుకోకపోతే నా తప్పా? దానికి మొండితనం ఎక్కువ. వద్దన్న పని..."

మాట పూర్తి కాలేదు. మా ఆయన తలుపు వదిలి పిడికిలితో మూతి మీద గుద్దాడు. కొబ్బరికాయ కొట్టినట్టు చప్పుడైంది. అతను కారుకి కొట్టుకుని నిలబడబోతే మళ్ళీ గుద్దాడు. అతనేమీ ఊరుకోలేదు. మోకాలితో పొట్టలో పొడిచాడు, చీలిన నుదుటి మీద గోళ్ళతో రక్కాడు. ఇద్దరూ రంగు డబ్బాల మీద పడ్డారు. లేచేసరికి అతని ముందు పన్ను ఒకటి నేల మీద ఉంది. మా ఆయన అతన్ని మెడ పట్టి మళ్ళీ తలుపు దగ్గరికి ఈడ్చి, ఈసారి వేళ్ళు నాలుగూ సరిగ్గా అంచు మీదకి సర్దాడు. పని చేసేటప్పుడు ఉండే ఓపిక కనబడింది ఆ సర్దడంలో. నాకు దానికే ఎక్కువ భయం వేసింది.

"రెండుసార్లు," అన్నాడు. "నేనూ రెండుసార్లే వేస్తాను."

అప్పుడు వినబడింది, బల్ల దగ్గర ఇనుప రేకు గీకుతున్న చప్పుడు.

గువ్వ పిడిని ఫ్రేమ్ నుంచి ఊడదీసి, రేకుముక్కతో ఆ నల్ల మెరుపంతా గీకేసింది. తెల్ల గువ్వ బొమ్మ కూడా పొడిపొడిగా రాలిపోయి ఉంది. పలక మీద ముద్దెడు కారుపుట్టీ తీసింది. దాన్ని గట్టిపరిచే ఎర్రటి హార్డెనర్ ట్యూబుని అడుగు నుంచి మడతపెట్టి పిండి, అందులో కలిపింది.

"అన్నయ్యా, కలిపేశాను."

"ఆగు."

"ఇది ఆగదు. ఐదు నిమిషాల్లో రాయి అయిపోతుందని నువ్వే అంటావుగా. ట్యూబులో మిగిలింది ఈ ఒక్క నొక్కే. షాపు మళ్ళీ సోమవారమే."

"ముందు వీణ్ణి..."

"ముందు వాణ్ణి చేస్తే నిన్ను తీసుకుపోతారు. నా గుంట ఎవరు పెడతారు?" చెయ్యి పిడికి అతుక్కుపోకుండా ఆ పిల్ల కుడిచేతికి గ్రీజు రాసుకుంటోంది. "నా వేలు విరిగినందుకు నీకేదైనా చెయ్యాలనుంటే ఇది చెయ్యి. అది నీకోసం చేసుకునేది."

పలక మీద పుట్టీ తెలుపు నుంచి గులాబీ రంగులోకి తిరిగింది. మా ఆయన దాన్ని చూశాడు, చేతిలో ఉన్న వేళ్ళని చూశాడు. పళ్ళు కొరికి, అతన్ని కింద పడేసి, డొక్కలో ఒక తన్ను తన్ని, బల్ల దగ్గరికి పరిగెత్తాడు.

పిడి మీద పుట్టీ మెత్తాడు. గువ్వ ఎడమచేత్తో పిడి అడుగు పట్టుకుని, దాని మీద కుడిచెయ్యి చుట్టింది. ఆ చేతి మీద ఆయన తన రెండు చేతులూ వేసి, ఒక్కో వేలినీ ఎక్కడుండాలో అక్కడ ఒత్తాడు. వంకర వేలి దగ్గరకొచ్చి, దాని వంకర దానికి ఉండేలాగే ఒత్తాడు. వేళ్ళ సందుల్లోంచి గులాబీ రంగు పుట్టీ బయటికి వచ్చి ఇద్దరి మణికట్ల దాకా పాకింది.

"కదలకు."

"కదలను."

"వేడెక్కుతుంది."

"తెలుసు."

వాళ్ళిద్దరి వీపులూ మా వైపుకి ఉన్నాయి. నేను అతని కారు ముందు భాగం దగ్గర నిలబడి ఉన్నాను, నడుము పట్టుకుని.

అతను లేచాడు. నెత్తుటి ఉమ్మి ఉమ్మాడు. పోతాడులే అనుకున్నాను. ఎడమ తలుపు ఇంకా తెరిచే ఉంది. ఒక చెయ్యి తలుపు పక్కన అంచు మీద ఆనించి, లోపలికి వంగి, సీటు కింద నుంచి రెండో చేత్తో జాకీ రాడ్డు తీశాడు. మూరెడు ఇనుము. తీసి బయటికి వస్తూ తల తిప్పి చూశాడు. నా వైపు కాదు. నేనొక మనిషినని అతనికి ఎన్నడూ అనిపించలేదు. మా ఆయన మెడ వెనక వైపు చూశాడు.

మా అత్తగారు చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అరిస్తే ఇద్దరూ వెనక్కి తిరుగుతారు. చేతులు కదులుతాయి, గుంట చెడుతుంది, రేపటి సెలక్షను పోతుంది. గువ్వ ఈ కారులోనే వెనక్కి వెళుతుంది. అరవకపోతే నా మొగుడి తల పగులుతుంది. ఊరుకున్నంత ఉత్తమం లేదన్న మా అమ్మ, ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చెప్పకుండానే పోయింది.

నేను అరవలేదు. రెండడుగులు వేసి, తలుపు మీద రెండు చేతులూ పెట్టి, నా బరువంతా వేసి తోశాను.

అతని వేళ్ళు ఇంకా ఆ అంచు మీదే ఉన్నాయి. ఎండుకట్టె విరిగిన చప్పుడు వచ్చింది. దాని వెనకే అతని కేక వచ్చింది, వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. రాడ్డు కింద పడింది. రెండోసారి వెయ్యాల్సిన అవసరం రాలేదు.

నేను ముందు చూసింది గువ్వ చేతిని. అది కదలలేదు. భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి, అంతే. పక్కన ఏం పేలినా చెయ్యి కదపకుండా ఉండటమే ఆ పిల్ల ఇన్నేళ్ళూ నేర్చుకున్న విద్య. మా ఆయన తల కూడా తిప్పలేదు. "ఇంకో నిమిషం," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

నేను తలుపు తెరిచాను. అతను చెయ్యి పొట్టలో దాచుకుని, "తలుపులో పెట్టి నలిపేశారు" అని మూలుగుతూ నేల మీద ముడుచుకుపోయాడు.

పక్క టైర్ల షాపాయన, ఇంకో నలుగురు పరిగెత్తుకుంటూ వచ్చారు. టైర్ల షాపాయన కిందనున్న మనిషిని చూశాడు, పన్నుని చూశాడు, రాడ్డుని చూశాడు.

"మావాడు పోలీసులకి ఫోన్ చేసేశాడు. దారిలో ఉన్నారు," అన్నాడు. "ఈయన చెయ్యి తలుపులో పెట్టి నలిపిందెవరు?"

"నేనే," అన్నాడు మా ఆయన, వెనక్కి తిరక్కుండానే.

"కాదు, నేను," అంది గువ్వ.

గుమ్మంలోంచి మా అత్తగారు గోడ పట్టుకుని లేచింది. "నేను వేశాను నాయనా," అంది. "చూసుకోకుండా వేశాను."

టైర్ల షాపాయన ముగ్గురినీ చూశాడు. మా అత్తగారు ఇరవై అడుగుల దూరంలో గుమ్మం దగ్గర ఉంది. అన్నాచెల్లెళ్ళ చేతులు నాలుగూ మణికట్ల దాకా పుట్టీలో ఉన్నాయి. అది ఒకళ్ళ చేతిని ఇంకొకళ్ళ చేతికి అతికించేసి గట్టిపడుతోంది. ఆ చేతులు ఇందాక ఏ తలుపునీ ముట్టుకుని ఉండవని చంటిపిల్లాడికైనా తెలుస్తుంది.

అప్పుడు అందరూ నా వైపు చూశారు. నా చేతులకి పుట్టీ లేదు.